మంచు పడలేదు గానీ రోడ్డంతా మంచే

చలికాలపు టైర్ల గురించి జురాంగ్ వెస్ట్ మొత్తంలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఒక ఏడాది గట్టిగా నమ్మాను. ఆ ఏడాది మాకు కారు లేదు, సైకిలు కూడా లేదు. ఎక్కడికైనా బస్సు, కాకపోతే ట్రైన్. సింగపూర్‌లో చలికాలం ఎలాగూ ఉండదు. ఎండ, వాన, ఎండలో వాన, ఈ మూడే. అలాంటి చోట కూర్చుని రబ్బరు మంచును ఎలా పట్టుకుంటుందో చదివాను. ఎందుకు చదివానో, అందులో ఒక్క మాట దగ్గర మేమిద్దరం ఎలా జారిపడబోయామో, ఎవరి దయవల్ల నిలబడ్డామో చెబుతాను.

మాది పశ్చిమ గోదావరిలో చిన్న ఊరు. ఇంటర్ అయ్యాక చదువు ఆగింది, పెళ్ళయింది. మా ఆయన సాఫ్ట్‌వేర్. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని ప్రపంచం బెదిరిపోయిన రోజుల్లో, ఆ బెదురు పుణ్యమా అని మాకు సింగపూర్ వచ్చింది. ఆయన ఉదయం వెళితే చీకటిపడ్డాక వచ్చేవారు. ఫ్లాట్‌లో నేను, గోడలు, పక్కింటి చైనా ముసలమ్మ వేయించే వెల్లుల్లి వాసన.

వాన నుంచి తప్పించుకోవడానికి ఒకరోజు లైబ్రరీలోకి వెళ్ళాను. లోపల చల్లగా ఉంది. ఏం చదువుకున్నావని ఎవరూ అడగలేదు. ఏం చదువుతావని కూడా అడగలేదు. ఆ రెండో ప్రశ్న రాకపోవడమే నాకు పెద్ద గౌరవంగా తోచింది. పిల్లల విభాగంలో మొదలుపెట్టాను, బొమ్మలుంటాయి కనుక. తాళం ఎలా పడుతుంది, లిఫ్టు ఎలా ఆగుతుంది, ఫ్రిజ్ వెనక భాగం ఎందుకు వేడిగా ఉంటుంది. తెలియని మాట వస్తే లేచి పెద్ద నిఘంటువు దగ్గరికి వెళ్ళడం, చూడడం, తిరిగి వచ్చి కూర్చోవడం. కొన్ని నెలలకు పిల్లల విభాగం దాటి పెద్దల అరల్లోకి వచ్చాను. డిగ్రీ కాలేజీ మెట్లు ఎక్కని నేను, ఎవరూ పెట్టని పరీక్షలు ఒక్కొక్కటే పాసవుతున్నట్టు ఉండేది.

చదివేటప్పుడు అర్థాన్ని తెలుగులో గొణుక్కోవడం నాకు అలవాటు. అలా గొణుక్కుంటుంటే ఎదుటి కుర్చీలోని పెద్దాయన వార్తాపత్రిక కిందికి దించారు.

"ఏటమ్మా, తెలుగా?"

నేను ఉలిక్కిపడ్డాను. తెల్ల చొక్కా, జేబులో కళ్ళజోడు డబ్బా. ఆయన తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. తండ్రి ఇక్కడే పుట్టాడు, ఈయనా ఇక్కడే. బడిలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన తెలుగులో సగం శ్రీకాకుళం, మిగతా సగంలో అరవమూ మలాయీ. అందరినీ పిలిచినట్టే అంకుల్ అని పిలిచాను.

"మా ఇంట్లో తెలుగు నేనొక్కడినే మాటాడతానమ్మా. అద్దంలో చూసుకుని మాటాడాల," అన్నారు. "పిల్లల్ని ఏటైనా అడిగితే ఇక్కడి ఇంగిలీసులో 'వాట్ లా, పా' అంటారు."

అలా మా మధ్య ఒక మారకం మొదలైంది. కలిసినప్పుడల్లా నేను ఒక తెలుగు మాట ఇవ్వాలి, ఆయన దానికి సరిపోయే మలాయి మాట ఇవ్వాలి. మాటకు మాట. బదులు మాట దొరకకపోతే ఆయన కాఫీ ఇప్పించాలి. ఒకసారి ఓడించాలని 'గోరువెచ్చన' అన్నాను. ఏ భాషలోనూ ఉండదనుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని, తెరిచి, బల్లమీద మెల్లగా చరిచారు.

"సుఆమ్ సుఆమ్ కుకు. కుకు అంటే ఏటో ఎరుగుదువా? గోరు!"

నీళ్ళ వేడి చూడడానికి గోరు ముంచాలని అక్కడివాళ్ళకూ ఇక్కడివాళ్ళకూ ఎలా తోచిందో! ఆ రోజంతా నాకు సంతోషం. రెండు భాషలు ఒకే గిన్నెలో వేలు పెట్టినట్టు అనిపించింది.

గండం గడిచింది. కంప్యూటర్లు ఏవీ తలకిందులు కాలేదు. తర్వాత సెల్‌ఫోన్ల కాలం వచ్చింది. ఆ ఏడాది చివర్లో మా ఆయన్ని కంపెనీవాళ్ళు ఫిన్లాండ్‌లో ఒక చిన్న ఊరికి పంపారు, చలికాలం గడిచేదాకా. ఊరొకచోట, పనిచేసే చోటు ఇంకోచోట. మధ్యలో సరస్సు పక్కగా రోడ్డు, చివర్లో దిగుడు. బస్సు ఎప్పుడో గాని రాదు. ఆయన డ్రైవింగ్ నేర్చుకున్నది హైదరాబాదులో, నడిపింది చాలా తక్కువ. సింగపూర్‌లో అసలు స్టీరింగ్ ముట్టుకోలేదు. అక్కడ కుడివైపు నడపాలి. ఇవన్నీ నేను వేళ్ళు మడిచి చెబితే నవ్వారు.

"నువ్వు లైబ్రరీలో చదివి చెప్పు, నేను నడుపుతాను," అన్నారు.

వెళ్ళిన కొన్నాళ్ళకు ఫోన్ చేశారు. ఆ ప్రాజెక్టులోనే పనిచేసే ఒక జర్మనీ ఆయన మా ఆయన్ని రోజూ తన కారులో తీసుకెళ్ళేవాడు. ఆయన తన దేశానికి వెళ్ళిపోతూ కారు మా ఆయనకి వదిలిపెడుతున్నాడట. కారుతోపాటు రెండు సెట్ల టైర్లు, సెట్టుకి నాలుగు, రిమ్ములతో సహా. ఒక సెట్టు ఆయన సొంతూరి నుంచి తెచ్చుకున్నది, దాదాపు కొత్తది. ఇంకో సెట్టు అక్కడే ఎవరి దగ్గరో కొన్నది, రబ్బరు నిండా చిన్న చిన్న ఇనప మేకులు.

"రెండూ చలికాలపు టైర్లేనట. ఏది వేసినా ఫరవాలేదంటున్నాడు. మేకులవి గోల చేస్తాయట. ఇక్కడంతా మంచోయ్. మంచు మీద ఏది పట్టుకుంటుందో నువ్వు చూసి చెప్పు, పండితురాలా!"

వెక్కిరింపులో కూడా నాకు పని అప్పజెప్పారు. ఆ సాయంత్రమే లైబ్రరీకి పరిగెత్తాను.

లైబ్రరీలో కార్ల పత్రికలు ఒక అర నిండా ఉంటాయి. చుట్టూ కుర్రాళ్ళు మెరిసే కార్ల బొమ్మలు చూస్తుంటే, చీర కట్టుకున్న నేను వాళ్ళ మధ్య కూర్చుని టైర్ల పేజీలు తిప్పేదాన్ని. చలికాలపు టైరు అంటే గాడి లోతు మాత్రమే అనుకున్నాను. కాదు. చలికి మామూలు రబ్బరు బిగుసుకుపోతుంది, చలికాలపు రబ్బరు మెత్తగా ఉంటుంది. మెత్తగా ఉన్నదే నేలను పట్టుకుంటుంది. నమ్మకం కుదరక ఇంట్లో పరీక్ష చేశాను. ఫ్రిజ్ పై అరలో, కొబ్బరి తురుము డబ్బా పక్కన, రెండు రకాల రబ్బర్లు పెట్టాను. ఒకటి పెన్సిలు గీతలు చెరిపే మెత్తటి తెల్లది, ఇంకోటి పాత హవాయి చెప్పులోంచి కోసిన ముక్క. మర్నాడు తీసి నొక్కితే చెప్పు ముక్క చెక్కలా ఉంది. తెల్లది ఇంకా వేలికి లొంగుతోంది. వంటింట్లో ఒంటరిగా నిలబడి శాస్త్రవేత్తలా తలాడించాను.

పత్రికల్లో మూడు పరీక్షలు పెడతారు. వాటికి నేనే తెలుగు పేర్లు పెట్టుకున్నాను. టైరు రోడ్డును అంటిపెట్టుకోవడం పట్టు. బ్రేకు వేశాక ఎంత దూరంలో నిలుస్తుందో అది ఆగడం. మలుపులో, స్టీరింగ్ తిప్పినప్పుడు బండి తిరుగుతుందా లేక తన దారిన తాను పోతుందా అన్నది మాట వినడం. పట్టు ఉండి మాట వినని టైర్లూ ఉంటాయి. మాట విని త్వరగా ఆగనివీ ఉంటాయి. మనుషుల గురించి చదువుతున్నట్టే ఉండేది.

జర్మనీ ఆయన టైరు పేరు ఒక పెద్ద వ్యాసంలో దొరికింది. మంచు మీద మూడు పరీక్షల్లోనూ ముందు వరసలో ఉంది. మేకుల టైర్లు మంచు లేని బోడి రోడ్డు మీద అందరికన్నా వెనక, పైగా చప్పుడు. పేజీ చివర ఐసు అని వేరే గడి ఒకటి కనిపించింది. ఐసంటే ఫ్రిజ్‌లోది, గోలీసోడా బండి మీద గోనెపట్టా కప్పుకున్నది. గడ్డకట్టిన సరస్సుల మీద కార్ల పందేలు ఆడతారని వేరేచోట చదివాను. ఈ గడి ఆ పందేలవాళ్ళ కోసమేమోననుకుని దాటేశాను.

ఫోన్‌లో నా తీర్పు చెప్పాను. "కొత్తవే వేయించండి. పట్టు, ఆగడం, మాట వినడం, మూడింట్లోనూ అవే నయం."

"చిత్తం," అన్నారు.

ఆ వారాంతానికి జర్మనీ ఆయన ప్రయాణం. సోమవారం నుంచి మా ఆయన ఒంటరిగా నడపాలి. శనివారం మధ్యాహ్నం, అంటే అక్కడ ఉదయం, ఫోన్ మోగింది. గొంతు హుషారుగా ఉంది.

"నువ్వు చెప్పినవే వేశామోయ్. ఇందాకే నడిపి చూశాను."

"ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండం. మంచు పడలేదు గానీ రోడ్డంతా మంచే. గేటు దగ్గర బ్రేకు వేస్తే బండి నా మాట వినలేదు, నేనే దాని మాట విన్నాను. మెల్లగా జారుకుంటూ వెళ్ళి పాత మంచు కుప్పలో ముక్కు పెట్టి ఆగింది. ఏం కాలేదులే, నవ్వుకున్నాం."

నాకు నవ్వు రాలేదు. "మంచు పడకపోతే రోడ్డంతా మంచెలా వస్తుందండీ?"

"అదంతే ఇక్కడ. జనం మాత్రం మంచివాళ్ళోయ్. గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడి, రోడ్డు వైపు చెయ్యి చూపిస్తూ 'యా! యా!' అన్నాడు. నేనూ 'యా యా' అన్నాను. మళ్ళీ అన్నాడు. మళ్ళీ అన్నాను. ఇంత మర్యాద ఎక్కడా..."

ఆయన ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోయాయి. ఫోన్ మూగబోయింది.

ఆ రాత్రి అన్నం సహించలేదు. మంచు పడలేదు గానీ రోడ్డంతా మంచే. ఆ వాక్యం ఎటు తిప్పినా తెలుగే, ఎటు తిప్పినా అర్థం కాలేదు. సరస్సు పక్క రోడ్డు, చివర దిగుడు, సోమవారం ఉదయం. ముందు వరసలో ఉన్న టైరు గేటు దగ్గరే ఎందుకు జారింది? పత్రిక తప్పా, నేను తప్పా, నడిపేవారు తప్పా?

ఆదివారం లైబ్రరీ తలుపులు తెరిచేసరికి గుమ్మంలో ఉన్నాను. ఆ పత్రిక తీసి మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. అంకుల్ తన కుర్చీలోకి వచ్చి కూర్చున్నారు.

"మకాన్ అయినాదా?" తిన్నావా అని ఆయన రోజూ మలాయిలో అడిగేది అలాగే. అడ్డంగా తలూపాను. ఆయన నా మొహం చూశారు. "ఏటైనాది? మీ ఆయన బాగున్నాడా?"

చెప్పాను. ఆయన కార్ల మనిషి కాదు, జీవితమంతా బస్సే. నన్ను మామూలు లోకంలోకి తేవాలనేమో, "సరి, ఇయాల్టి మాట ఏది? ఇచ్చేయ్," అన్నారు.

నా తలలో ఉన్నది ఒక్కటే. "మంచు," అన్నాను.

ఆయన నోరు తెరిచి ఆగిపోయారు. "ఏ మంచు?"

"ఏ మంచేంటి అంకుల్, మంచే."

"అలగంటే ఎలాగమ్మా? సల్జియా? ఐసా? ఎంబునా? కాబుతా?" ఒక్కో వేలు చాపుతూ చెప్పారు. "సల్జి ఆకాశం నుంచి దూదిలా పడేది, టీవీలో చూపిస్తారు. ఐస్ గడ్డ. ఎంబున్ పొద్దున్న ఆకు మీద చుక్క. కాబుత్ పొగలా కమ్మేది. మీకు నాలుగిటికీ ఒకటే మాటా? అయ్యో లా! నేను నీకు నాలుగు ఇయ్యాలా? ఇది అన్యాయం!"

మనకు మాటలు లేవని కాదు. పొగమంచు అంటాం, మంచుగడ్డ అంటాం, హిమమని పుస్తకాల్లో రాస్తాం. కాని ఇంట్లో, ఫోన్‌లో, మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకునేటప్పుడు? మంచు కురుస్తుంది, మంచు పడుతుంది, మంచులో తిరిగితే పడిశం పడుతుంది. తెల్లవారుజామున చెరకు తోట మీద పరుచుకున్నదీ మంచే, ఫిన్లాండ్ రోడ్డు మీదదీ మంచే. మంచు అన్నది ఎప్పుడూ చూడని మలాయి దేశంలో నాలుగు గిన్నెల్లో సర్దిపెట్టుకున్నదాన్ని మేమిద్దరం ఒకే గిన్నెలో పోసుకుని వడ్డించుకున్నాం.

మంచు పడలేదు. అంటే సల్జి పడలేదు. రోడ్డంతా మంచే. అంటే ఐసు.

పత్రిక పేజీ చివరికి తిప్పాను. పందేలవాళ్ళదనుకుని దాటేసిన గడి. అది పందేలది కాదు. పడిన మంచు పగలు కొంచెం కరిగి, చలి పెరగ్గానే గడ్డకట్టి, రోడ్డు మీద గాజులా పరుచుకునే చోట్ల కోసం. ఆ గడిలో జర్మనీ ఆయన టైరు అట్టడుగున ఉంది. దూది మంచులో గాడులు దిగేసి పట్టుకునే రబ్బరుకు, గాజు మీద దిగడానికి ఏమీ దొరకదు. మేకుల టైర్లు ఆ గడిలో అన్నిటికన్నా పైన.

వెంటనే లేచాను. అంకుల్ చెయ్యి అడ్డం పెట్టారు. "ఇప్పుడు అక్కడ టైమెంత?"

అక్కడ ఇంకా తెల్లవారలేదు. ఆయనున్న చోట ఆ వేళప్పుడు ఫోన్ మోగితే ఎత్తేవాళ్ళు ఉండరు. ఆగాల్సిందే. ఆగడం నాకు చేతకాదని అంకుల్‌కి అర్థమైనట్టుంది. "రా," అని పక్కనే తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళారు. ఖాళీ బల్ల మీద తన గొడుగు పెట్టి మా చోటు కాసుకున్నారు, ఇక్కడివాళ్ళు టిష్యూ పొట్లం పెట్టి చోప్ చేస్తారే, అలా. రెండు ఐస్ కచాంగ్ చెప్పారు.

కొట్టతను పెద్ద గాజులాంటి ఐసు గడ్డను మిషన్ మీద పెట్టాడు. అది అతని చేతిలోంచి జారబోయింది, మళ్ళీ పట్టుకున్నాడు. చక్రం తిప్పితే కిందినుంచి తెల్లటి పొడి రాలింది. ఆ పొడిని అరచేత్తో ఒత్తి గుట్టగా నిలబెట్టాడు. దాని మీద ఎర్రది, ఆకుపచ్చది పోశాడు. గుట్ట కదల్లేదు, పట్టుకునే ఉంది.

"ఇదిగో నీ ఐసు," అంకుల్ మిషన్ వైపు చూపించారు. గిన్నె నా ముందుకు తోశారు. "ఇదిగో నీ సల్జి. తిను."

ఒకే సరుకు. గడ్డగా ఉంటే జారుతుంది, పొడిగా ఉంటే పట్టుకుంటుంది. ఇన్ని వారాలు చదివినది ఒక గిన్నెలో కళ్ళముందు ఉంది. నేను తిన్నాను. ఏడుస్తూ తిన్నానని అంకుల్ తర్వాత వెక్కిరించారు కాని, చల్లటిది తింటే నాకు కళ్ళ నీళ్ళొస్తాయి.

నాలుగు గంటలకు కొత్త కార్డుతో ఫోన్ చేశాను. మా ఆయన ఎత్తారు. వెనక జర్మనీ ఆయన పెట్టెలు సర్దుకుంటున్న చప్పుడు.

"ఏవండీ, ఒక్క మాట చెప్పండి. మీ రోడ్డు మీద ఉన్నది తెల్లగా ఉందా?"

"ఏంటోయ్, పలకరింపు లేదు, ఏమీ లేదు?"

"తెల్లగా ఉందా?"

"లేదు. రోడ్డు రంగే కనిపిస్తోంది. అద్దం పరిచినట్టుంది."

"తొక్కితే కరకరమంటుందా?"

"అనదు. కాలు పోతుంది."

"అయితే అది మంచు కాదండీ. ఐసు."

"మంచేనోయ్. గడ్డకట్టింది."

"అదే ఐసు!"

"ఐసు ఫ్రిజ్‌లో ఉంటుందే పిచ్చిదానా."

"మీరిప్పుడు ఉన్నది ఫ్రిజ్‌లోనే!"

నేను గడగడా చెప్పేశాను. నేను చూసింది దూది మంచు మీద పరీక్ష, మీ కింద ఉన్నది గాజు, కొత్త టైర్లకు గాజు మీద పట్టు లేదు, మేకులవి వేయండి.

"ఆదివారం ఇక్కడ పిట్ట కూడా పని చెయ్యదు. మెకానిక్ దొరకడు."

"మెకానిక్ ఎందుకండీ? రిమ్ములతో సహా ఉన్నాయన్నారుగా. జాకీ పెట్టి లేపడం, నట్లు విప్పడం, చక్రం మార్చడం, మళ్ళీ బిగించడం. జాకీ వెనక డిక్కీలో, కార్పెట్టు కింద ఉంటుంది. లేపకముందే నట్లు కొంచెం వదులు చెయ్యాలి. నేను చదివాను."

"నువ్వు చదివావు సరే. ఈ చలిలో విప్పేది నేను."

"నాలుగూ మార్చండి. ముందువి రెండే మార్చి ఊరుకోకండి. ముందువి పట్టుకుని వెనకవి పట్టుకోకపోతే, బండి వెనకభాగం ముందుకొచ్చి మిమ్మల్ని పలకరిస్తుంది."

ఆయన నవ్వారు. నిజమైన నవ్వు. "సరేనమ్మా. పండితురాలి ఆజ్ఞ."

సోమవారం బూన్ లే మార్కెట్‌కి వెళ్ళి, ఏం కొనాలో మరచి, చేమదుంపలు కొనుక్కొచ్చాను. ఇంట్లో అప్పటికే చేమదుంపలు ఉన్నాయి. మధ్యాహ్నం దాటింది. అక్కడ ఉదయమయ్యే వేళ. ఫోన్ పక్కన కుర్చీ వేసుకుని ఒక పుస్తకం తెరిచాను. మొదటి పేజీ దాటలేదు.

మోగింది.

"ఆగిందోయ్," అన్నారు.

అంతే. తర్వాత మిగతాది చెప్పారు. దిగుడు చివర సరుకు లారీ ఒకటి అడ్డంగా తిరుగుతూ నిలబడిందట. బ్రేకు వేస్తే మేకులు ఐసును గీరుతూ గోల పెట్టాయట. ఆ గోలలోనే బండి మెల్లమెల్లగా తగ్గి, లారీకి చాలా దూరంలో నిలిచిందట. "అంత మంచి చప్పుడు నేనింతవరకు వినలేదు," అన్నారు. మొదటి టైర్లతో అయితే ఆగేది కాదని చెప్పలేను. మెల్లగా వెళుతున్నారు, ఆగేదేమో. కాని గేటు దగ్గర ఆగలేదన్నది నాకు తెలుసు. అది చాలు నాకు. కుర్చీలోంచి లేచి, ఉన్న చేమదుంపలన్నీ కడిగి ఉడకబెట్టాను. తినేవాళ్ళు లేరు. అంకుల్‌కి డబ్బాలో పెట్టి తీసుకెళ్ళాను.

చలికాలం గడిచాక మా ఆయన తిరిగొచ్చారు, నల్లబడి కాదు, తెల్లబడి. వచ్చిన మొదటి ఆదివారం లైబ్రరీకి తీసుకెళ్ళాను. అంకుల్‌కి నమస్కారం పెట్టారు. ఏదో కృతజ్ఞతలు చెప్పబోతే అంకుల్ చెయ్యి ఊపేశారు.

"నేనేటి చేశాను? ఏ మంచు అని అడిగాను. అంతేనా కాదా? మాట తెచ్చావా, అది చెప్పు. కొత్తగా వచ్చినవాడు మాట ఇయ్యాల."

మా ఆయన ఆలోచించారు. తర్వాత మొహం అదోలా పెట్టి, "తెచ్చాను అంకుల్. యా," అన్నారు.

"యా? ఔననా?"

"నేనూ అలాగే అనుకున్నాను." మా ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "గేటు దగ్గర ఒక ముసలాయన రోడ్డు చూపిస్తూ యా యా అన్నాడని చెప్పానే? నేనూ యా యా అన్నానే? ఆ పక్కవారం ఆఫీసులో ఒకమ్మాయి చెప్పింది. వాళ్ళ భాషలో యా అంటే ఐసట. పాపం ఆయన, ఒరే నాయనా ఐసు, ఐసు అని మొత్తుకుంటున్నాడు. నేను నవ్వుతూ, ఔనౌను అనుకుంటూ, బండి ముందుకు పోనిచ్చాను."

అంకుల్ మొదట నోరు మూసుకున్నారు. భుజాలు కదిలాయి. తర్వాత ఆపుకోలేక బల్ల మీద చెయ్యి చరిచారు, గోరువెచ్చన దొరికిన రోజులాగే. కౌంటర్ దగ్గరి అమ్మాయి తలెత్తి చూసింది. ఆయన చేతులు జోడించి తప్పయిందన్నట్టు సైగ చేసి, మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే, ఎప్పుడూ చూడని ఆ ఫిన్లాండ్ ముసలాయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. చలిలో నిలబడి, ఊరూ పేరూ తెలియని నల్ల మనిషికి, అర్థం కాని భాషలో, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

ఆ తర్వాత మా ఆయన ఆఫీసులు మారాయి. ఇప్పటిది వన్-నార్త్ అనే పేటలో అద్దాల మేడలో ఉంది, అప్పట్లో అక్కడ చెట్లే ఎక్కువ. మేము కారు కొనలేదు. ఒకరోజు బస్సులో వస్తూ ఆయన నెమ్మదిగా అన్నారు, "నిజం చెప్పనా? నువ్వు ఊరికే కూర్చుని బెంగపడతావని, చేతికి ఏదో పని ఇద్దామని టైర్ల సంగతి అడిగాను. నువ్వు నిజంగానే చదివేస్తావనుకోలేదు."

"కోపం వచ్చిందా?" అని కూడా అడిగారు. రాలేదు. బెంగపడే ఆడదానికి ఓదార్పు మాటలు చెప్పేవాళ్ళుంటారు, ఈయన పత్రిక అర వైపు పంపారు. అక్కడ పందేలవాళ్ళదనుకున్న గడి నా కోసం ఎదురుచూస్తోంది. ఎదుటి కుర్చీలో ఒక ప్రశ్నా ఉంది.

అంకుల్‌తో మారకం చాలాకాలం సాగింది. ఆయన నాకు 'మంచు'కు నాలుగు మాటలు ఇచ్చారు కనుక నేను మూడు బాకీ అని ప్రతిసారీ గుర్తుచేసేవారు. తీర్చే ప్రయత్నం చేశాను. ఒకరోజు 'పట్టు' ఇచ్చాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా వైపు చూసి అడిగారు.

"ఏ పట్టు? సీరదా, సేతిదా, మొండితనానిదా?"

ఈసారి ఓడిపోయానని కాఫీ ఆయనే ఇప్పించారు.